అమెరికాలోని తెలుగు డాక్టర్లకు: మాజీ సైనికుల ఆసిడ్ రిఫ్లక్స్ గురించి రికార్డులో మీరు రాసే ఒకటి రెండు వాక్యాల గురించి

గౌరవనీయులైన డాక్టర్లకు నమస్కారం.

ఈ దేశంలో మాజీ సైనికులకు ఇచ్చే వైకల్య పరిహారం గురించి ఎవరైనా బహిరంగ లేఖ రాస్తే అది సాధారణంగా మాజీ సైనికుల వ్యవహారాల శాఖకు, అంటే మేమంతా వీఏ అని పిలిచే శాఖకు వెళుతుంది. నేను మాత్రం మీకు రాస్తున్నాను, తెలుగులో రాస్తున్నాను. శనివారం పూట నా బల్ల మీదికి వచ్చే వైద్య రికార్డుల అడుగున సంతకాలు చూస్తే చాలాసార్లు అవి నాకు తెలిసిన ఇంటిపేర్లే. వీఏ ఆసుపత్రుల్లోనూ, వీఏ పంపిన రోగులను చూసే బయటి క్లినిక్కుల్లోనూ మనవాళ్లు చాలామంది పనిచేస్తున్నారు. నేను అడగబోయేది చట్టం మార్చమని కాదు, సిఫారసు చేయమనీ కాదు. ఆసిడ్ రిఫ్లక్స్, అంటే పొట్టలోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నే జబ్బు ఉన్నవాళ్ల గురించి మీరు రోజూ రాసే నోట్సులో ఒకటి రెండు వాక్యాల గురించి మాత్రమే.

నా సంగతి క్లుప్తంగా చెబుతాను. గుంటూరు జిల్లాలో పుట్టి, ఎంఎస్ చదవడానికి ఇక్కడికి వచ్చి, 2009లో మొదలై 2016లో ఆగిపోయిన మావ్ని పథకం కింద సైన్యంలో చేరాను. పౌరసత్వం లేకపోయినా, సైన్యానికి అవసరమైన భాషలు గానీ వైద్య నైపుణ్యం గానీ ఉన్నవాళ్లను ఆ పథకం కింద తీసుకునేవారు. నన్ను గట్టెక్కించింది హిందీ. (తెలుగువాడి హిందీ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు, అయినా పరీక్ష పాసయ్యాను.) సప్లై విభాగంలో ఆరేళ్లు పనిచేశాను, అందులో తొమ్మిది నెలలు కువైట్‌లో ఉన్నాను. ఇప్పుడు సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసుకుంటున్నాను. శనివారాల్లో మాత్రం మా ఊళ్లో మాజీ సైనికుల హాలులో ఒక మడత బల్ల వేసుకుని, వీఏ గుర్తింపు ఉన్న ప్రతినిధిగా, ఎవరి దగ్గరా ఒక్క డాలరు తీసుకోకుండా క్లెయిములు రాసిపెడుతుంటాను.

ఆ బల్ల దగ్గరికి మోకాళ్ల కోసం వస్తారు, నడుము కోసం వస్తారు, చెవిలో హోరు కోసం వస్తారు. ఆసిడ్ రిఫ్లక్స్ కోసమని చెప్పి వచ్చినవాడు నాకు దాదాపు కనబడలేదు. అది ఎప్పుడూ చివర్లో, లేచి వెళ్లబోతూ, నవ్వుతూ చెప్పే సంగతి. అరవై దాటిన ఒక పెద్దాయన సైన్యంలో ట్రక్కుల మెకానిక్కుగా చేసినవాడు. మోకాళ్ల కాగితాలన్నీ పూర్తయ్యాక కళ్లజోడు తీయబోయి జేబులో చెయ్యి పెడితే సుద్దబిళ్లల్లాంటి యాంటాసిడ్ మాత్రలు రెండు బల్ల మీద పడ్డాయి. ఆయన గబుక్కున తీసి జేబులో వేసుకున్నాడు. పక్కనున్న భార్య మాత్రం ఊరుకోలేదు. నాలుగేళ్లుగా ఈయన మంచం మీద పడుకోవడం లేదని, హాల్లో వాలుకుర్చీలోనే రాత్రంతా గడుపుతాడని, పడుకుంటే తిన్నది గొంతులోకి ఎగదన్ని దగ్గుతో లేస్తాడని, దిండు మీద తువ్వాలు వేయడం తనకు అలవాటైపోయిందని చెప్పింది. మాంసం ముక్క తింటే మధ్యలో ఎక్కడో ఆగినట్టుంటుందట, నీళ్లు తాగి తోసుకుంటాడట.

ఆ తర్వాత నేను ఆయన వైద్య రికార్డు తెరిచాను. మూడేళ్లలో ఏడు సందర్శనలు. ఏడింటిలోనూ ఒకటే వరుస: రిఫ్లక్స్ జబ్బు, మందుతో అదుపులో ఉంది, కొత్త ఇబ్బందులేమీ చెప్పలేదు, అదే మోతాదు కొనసాగించాలి. కింద సంతకం చేసినది మన తెలుగు డాక్టరు.

ఆ వాక్యంలో అబద్ధం లేదు. పదిహేను నిమిషాల్లో చక్కెర, రక్తపోటు, మోకాళ్లు అన్నీ చూడవలసిన డాక్టరుకు రిఫ్లక్స్ దగ్గర అంతకంటే రాసే తీరిక ఉండదు. వైద్యం దృష్టితో చూస్తే ఆ వాక్యం సరిపోతుంది కూడా. అయితే ఆ రికార్డును తర్వాత చదివే మనిషి డాక్టరు కాదు. క్లెయిమును తేల్చే అధికారి చేతిలో నిబంధనల పట్టిక ఉంటుంది, ఎదురుగా మీ నోట్సు ఉంటుంది, పట్టికలోని మాటలు నోట్సులో ఉన్నాయా లేవా అని ఆయన చూస్తాడు. వాలుకుర్చీ మీ నోట్సులో లేకపోతే ఆయన దృష్టిలో ఆ వాలుకుర్చీ లేదు.

ఆ పట్టిక ఈ మధ్యనే మారింది. మీలో చాలామందికి ఆ మార్పు చేరలేదని నా అనుమానం, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

2024 మే 19కి ముందు రిఫ్లక్స్ జబ్బుకు, వైకల్యం ఎంత శాతమో తేల్చే వీఏ రేటింగు పట్టికలో సొంత సంఖ్య లేదు. పొట్ట పైభాగం ఛాతీలోకి జారే హయాటల్ హెర్నియాకు కేటాయించిన 7346 సంఖ్య కింద, పోలికను బట్టి దాన్ని కొలిచేవారు. అది లక్షణాలను చూసే కొలత. పొట్ట పైభాగంలో మాటిమాటికీ వచ్చే బాధ, మింగుడు పడకపోవడం, గుండెల్లో మంట, తిన్నది పైకి ఎగదన్నడం, వీటికి తోడు రొమ్ము ఎముక వెనకో చేతిలోనో భుజంలోనో నొప్పి ఉండి, మొత్తంమీద ఆరోగ్యం చెప్పుకోదగినంతగా దెబ్బతింటే 30 శాతం ఇచ్చేవారు. వాటిలో రెండో అంతకంటే ఎక్కువో తక్కువ తీవ్రతతో ఉంటే 10 శాతం. వాంతులు, బరువు తగ్గడం, రక్తం పోయి రక్తహీనత రావడం దాకా వెళితే 60 శాతం.

2022 జనవరిలో ప్రతిపాదించి, 2024 మార్చి 20న ప్రచురించి, అదే ఏడాది మే 19 నుంచి అమలుచేసిన కొత్త నిబంధనల్లో ఈ జబ్బుకు 7206 అనే సొంత సంఖ్య వచ్చింది. సంఖ్య సొంతమే గానీ కొలబద్ద మాత్రం అరువుదే. 7203 కింద అన్నవాహిక ఇరుకైపోయిన రోగిని ఎలా కొలుస్తారో రిఫ్లక్స్ రోగినీ అలాగే కొలవాలని రాశారు. దాని ప్రకారం జబ్బు ఉన్నట్టు రికార్డు ఉండి, రోజువారీ లక్షణాలు గానీ రోజువారీ మందు అవసరం గానీ లేకపోతే సున్నా శాతం. మింగుడు పడకపోవడాన్ని అదుపులో ఉంచడానికి రోజూ మందు వేసుకోవలసి వస్తూ, ఇతరత్రా లక్షణాలు లేకపోతే 10 శాతం. ఇరుకు మళ్లీ మళ్లీ ఏర్పడి, మింగుడు పడక, ఏడాదికి రెండుసార్లకు మించకుండా అన్నవాహికను సాగదీయించుకోవలసి వస్తే 30 శాతం. అది ఏడాదికి మూడుసార్లో అంతకంటే ఎక్కువో అయినా, స్టెరాయిడ్ వాడి సాగదీయవలసి వచ్చినా, స్టెంటు వేయవలసి వచ్చినా 50 శాతం. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోవడమో, పోషణ అందకపోవడమో, బరువు బాగా తగ్గడమో ఉండి, శస్త్రచికిత్స దాకానో పొట్టలోకి గొట్టం వేసేదాకానో వెళితే 80 శాతం. కనుగొన్నవి బేరియం పరీక్షలోనో, సీటీ స్కానులోనో, ఎండోస్కోపీలోనో నమోదై ఉండాలని కింద ఒక గమనిక కూడా ఉంది.

వీఏ ఇలా ఎందుకు చేసిందో నాకు అర్థం కాకపోలేదు. ఆరోగ్యం చెప్పుకోదగినంతగా దెబ్బతినడం అనే మాటను ఒక ఊళ్లో ఒకలాగా, ఇంకో ఊళ్లో ఇంకోలాగా చదివేవారు. ఒకే జబ్బున్న ఇద్దరికి రెండు రేటింగులు వచ్చేవి. ఎన్నిసార్లు సాగదీశారు అన్నదాన్ని లెక్కపెట్టవచ్చు. కానీ ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ వంటి మందులు 1989 తర్వాత ఈ దేశంలో వాడుకలోకి వచ్చి, ఆమ్లం వల్ల పుండు పడి మచ్చకట్టి అన్నవాహిక ఇరుకయ్యే రోగుల సంఖ్యను బాగా తగ్గించాయని నాకంటే మీకే బాగా తెలుసు. ఆ మాత్ర మంటను ఆపినంత బాగా ఎగదన్నడాన్ని ఆపదనీ మీకు తెలుసు. ఎండోస్కోపీ శుభ్రంగా కనిపిస్తూ బాధ మాత్రం ఉండే రోగులు మీ దగ్గరికి ఎంతమంది వస్తారో మీరే చెప్పాలి. మాత్ర ఏ ముప్పును ఆపుతుందో ఆ ముప్పే వస్తే తప్ప 30 శాతం దాకా వెళ్లలేని పట్టిక ఇది. దాన్ని మార్చమని అడిగే చోటు వేరే ఉంది, అక్కడ అడుగుతూనే ఉన్నాం. ఈలోపు అమల్లో ఉన్నది ఇదే కాబట్టి మీ నోట్సు విలువ మునుపటికంటే పెరిగింది.

పట్టికలో 10 శాతం దగ్గర మళ్లీ చూడండి. రోజూ మందు వేసుకుంటున్నాడు అన్నది ఒక్కటే లేదక్కడ, మింగుడు పడకపోవడం అనే మాట ఉంది. ఆ ప్రశ్న మీరు అడగకపోతే మా మనిషి తనంతట తాను చెప్పడు. సైన్యంలో భోజనానికి దొరికే కొద్ది నిమిషాల్లో ఎంఆర్‌ఈ అనే సిద్ధ భోజనపు పొట్లం చించుకుని నిలబడి మింగడం నేర్చుకున్నవాడికి, అన్నం గొంతులో ఆగడం జబ్బు లక్షణమని తోచదు. ముద్ద ఆగుతోందా, ఏం తింటే ఆగుతోంది, నీళ్లు తాగితే దిగుతోందా, ఎన్నాళ్లుగా అని అడిగి రాయండి. క్లెయిము సంగతి పక్కన పెట్టినా, మింగుడు పడకపోవడం ఎండోస్కోపీకి పంపవలసిన హెచ్చరిక లక్షణమని మీ పాఠ్యపుస్తకాలే చెబుతాయి. నేను చూసిన పెద్దాయనకు ఏళ్ల తరబడి మాత్ర రాశారే తప్ప ఒక్కసారీ గొట్టం వేసి చూడలేదు. పరీక్షే చేయనివాడికి గమనికలో అడిగిన రుజువు ఎక్కడ నుంచి వస్తుంది? కొత్త పట్టికలో, రిఫ్లక్స్ వల్ల అన్నవాహిక లోపలి పొర మారిపోయే బారెట్స్ ఈసోఫేగస్‌కు కూడా 7207 అని విడి సంఖ్య ఉంది. ఇరుకు లేకపోయినా, కణజాల పరీక్షలో తక్కువ స్థాయి డిస్ప్లేసియా, అంటే క్యాన్సరుకు దారితీయగల కణాల మార్పు, తేలితే 10 శాతం, ఎక్కువ స్థాయిది తేలితే 30 శాతం. డబ్బు కంటే ముందు అది ప్రాణానికి సంబంధించిన పరీక్ష.

అలాగే ఒక మాట వాడకంలో జాగ్రత్త వహించమని కోరుతున్నాను. మందు వేసుకుంటే మంట లేదు కాబట్టి జబ్బు తగ్గిపోయిందని, రిజాల్వ్‌డ్ అని రాసిన నోట్సులు నా దగ్గరికి వచ్చాయి. మాత్ర ఆపిన మూడోరోజుకు తిరిగొచ్చే జబ్బును తగ్గిపోయిందని అనకూడదు గదా. పాత పట్టిక కింద 30 శాతం పొందినవారికి, కేవలం పట్టిక మారిందన్న కారణంతో ఆ శాతాన్ని తగ్గించకూడదని చట్టం చెబుతుంది. జబ్బు నిజంగా మెరుగైందని తేలితేనే తగ్గించవచ్చు. అలాంటి మనిషి రికార్డులో మీరు అలవాటుగా రాసిన ఆ ఒక్క మాట మెరుగైనట్టు రుజువుగా నిలబడే ప్రమాదం ఉంది. మందుతో మంట తగ్గింది, రాత్రిపూట ఎగదన్నడం కొనసాగుతోంది, మందు ఆపితే లక్షణాలు తిరిగి వస్తున్నాయి అని రాస్తే అది నిజానికి మరింత దగ్గరగా ఉంటుంది, మీకు పట్టేది ఇంకో పది సెకన్లు.

ఇంతవరకు జబ్బు తీవ్రత గురించి. దానికంటే ముందే క్లెయిములు ఓడిపోయే చోటు ఇంకొకటి ఉంది: జబ్బుకూ సైనిక సేవకూ మధ్య లింకు. ఇక్కడ నా సొంత సంగతి చెప్పక తప్పదు, అందులో తప్పు కొంత నాదే.

సైన్యం నుంచి బయటికి వచ్చిన కొత్తలో ఒక తెలుగు డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. మాది ఏ ఊరో కనుక్కున్నారు, ఆయనది పక్క తాలూకా అని తెలిసింది, తెలుగులో మాట్లాడుకున్నాం, నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. గుండెల్లో మంట ఎప్పటి నుంచి అని అడిగారు. చిన్నప్పుడు మా అమ్మ మిరపకాయ బజ్జీలు వేస్తే ఆ రాత్రంతా మంటేనండీ అని నవ్వుతూ చెప్పాను. ఆయనా నవ్వారు. ఆ తర్వాత కువైట్ సంగతి, వీపున మూట వేసుకుని నడిచిన నడకల సంగతి, మోకాలికి ఏళ్ల తరబడి మింగిన ఐబుప్రొఫెన్ అనే నొప్పిమందు సంగతి కూడా చెప్పాను. నోట్సులో మాత్రం ఒకే వాక్యం పడింది: చిన్నతనం నుంచి లక్షణాలు, కారం ఎక్కువ తినే అలవాటు. వీఏ తరఫున పరీక్ష చేసిన కాంట్రాక్టు డాక్టరు ఆ వాక్యాన్ని ఎత్తి తన అభిప్రాయంలో పెట్టుకున్నారు. ఈ రోగి జబ్బు సేవకు ముందునుంచీ ఉన్నది, ఆహారపు అలవాట్ల వల్ల వచ్చినది అని తేల్చారు. బజ్జీల మాట అంత దూరం వెళుతుందని నేను అనుకోలేదు.

సైన్యంలో చేరేటప్పుడు జరిగిన వైద్య పరీక్షలో ఒక జబ్బు నమోదు కాకపోతే, ఆ మనిషి ఆ జబ్బు లేకుండానే చేరాడని చట్టం భావిస్తుంది. దాన్ని కాదనాలంటే స్పష్టమైన, సందేహానికి తావులేని రుజువు కావాలి. నా చేరిక కాగితాల్లో పొట్ట గురించి ఒక్క ముక్క లేదు. ఆ అంశాన్ని పట్టుకుని, కొత్త రుజువుతో సప్లిమెంటల్ క్లెయిము, అంటే మళ్లీ పరిశీలించమనే దరఖాస్తు, వేసి, చివరికి నెగ్గాను గానీ దానికి రెండేళ్లు పట్టింది. ఎప్పుడో ఒకసారి బజ్జీలు తిని మంట రావడానికీ, వారానికి అయిదు రాత్రులు నిద్ర చెడగొట్టే జబ్బుకూ తేడా మీకు తెలుసు. అడిగిన ప్రశ్నకు మర్యాదగా అవునండీ అనేసే మన అలవాటూ మీకు తెలుసు. కాబట్టి ఎప్పటి నుంచి అని అడిగినప్పుడు, రోజువారీ బాధగా ఎప్పుడు మారింది, మొదట మందు ఎప్పుడు వాడారు, అప్పుడు ఎక్కడ ఉన్నారు అని ఇంకో ప్రశ్న వేయండి. భారతీయుడు అనగానే కారం అని రాయడం మాత్రం దయచేసి మానండి. బయటివాళ్లు రాస్తే తెలియక రాశారు అనుకుంటాం, మనవాళ్లే రాస్తే ఏమనుకోవాలి?

ఐబుప్రొఫెన్ సంగతికి వస్తాను, ఎందుకంటే ఈ జబ్బు విషయంలో అతి ముఖ్యమైన దారి అదే. సైన్యంలో 800 మిల్లీగ్రాముల మాత్రకు విటమిన్ ఎం అని ముద్దుపేరు, మోట్రిన్ అనే బ్రాండు పేరు నుంచి వచ్చింది. మోకాలు నొప్పి అన్నా అదే, నడుము పట్టేసింది అన్నా అదే. సంచీ అడుగున ఆ సీసా లేని సైనికుణ్ణి నేను చూడలేదు. సేవలో ఉన్నప్పుడు వచ్చిన మోకాలి గాయానికి ఇప్పటికే వీఏ గుర్తింపు ఉండి, ఆ మోకాలి కోసం వాడిన మందు వల్ల రిఫ్లక్స్ వచ్చినా లేదా ఉన్నది ముదిరినా, దాన్ని ద్వితీయ వైకల్యంగా గుర్తించడానికి నిబంధన ఉంది. మోకాలి వల్ల కదలిక తగ్గి, బరువు పెరిగి, ఆ బరువు వల్ల రిఫ్లక్స్ వచ్చినా సరే, స్థూలకాయాన్ని మధ్యలో మెట్టుగా చూపించవచ్చని 2017లో వీఏ న్యాయ విభాగమే అభిప్రాయం ఇచ్చింది. ఈ గొలుసులో ప్రతి లంకె మీ దగ్గరే ఉంది. ఏ మందు ఎన్నేళ్లు రాశారో, బరువు ఏ ఏడు ఎంత పెరిగిందో, మంట ఎప్పుడు మొదలైందో మీ కంప్యూటరులో వేర్వేరు పేజీల్లో ఉంటాయి. వాటిని ఒక పేరాలో కలిపి చూపించగలిగేది మీరే. కలగజేసిందా అన్నది ఒక ప్రశ్న, ముదిరేలా చేసిందా అన్నది వేరే ప్రశ్న. రెండింటికీ విడివిడిగా జవాబు రాయాలని కోర్టు 2013లో తేల్చింది. మొదటిదానికి కాదు అని రాసి రెండోదాన్ని వదిలేసిన అభిప్రాయాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

మీలో చాలామంది ఇక్కడే వెనకాడతారని నాకు తెలుసు. కచ్చితంగా ఐబుప్రొఫెన్ వల్లే అని ఎలా రాస్తాం అని అడుగుతారు. వైద్య పరిశోధనలో మీరు అలవాటు పడిన నిశ్చయం వేరు, ఈ చట్టం అడిగే నిశ్చయం వేరు. ఇక్కడ త్రాసు రెండు పళ్లేలూ సమానంగా నిలిచినా చాలు, సందేహ లాభం మాజీ సైనికుడిదే. అవును అనడానికి ఎంత బలం ఉందో కాదు అనడానికీ అంతే బలం ఉందని మీకు నిజాయితీగా అనిపిస్తే, సేవ వల్ల వచ్చి ఉండే అవకాశం కనీసం సగం ఉంది అన్న అర్థం వచ్చే వాక్యం రాయడంలో మీ వృత్తిధర్మానికి ఏ లోపమూ రాదు. కావచ్చు, అయి ఉండవచ్చు, కొట్టిపారేయలేం వంటి మాటలు రాస్తే వాటిని ఊహాగానంగా పరిగణించి పక్కన పెడతారు. మీరు జాగ్రత్త కోసం వాడిన మాట రోగికి నష్టంగా మారుతుంది. దానికి తోడు కారణం రాయాలి. కారణం లేని అభిప్రాయానికి, అది ఎంత పెద్ద డాక్టరు రాసినా, విలువ తక్కువేనని 2008లో కోర్టు చెప్పింది. నాలుగు వాక్యాల కారణం చాలు, పది పేజీలు అక్కరలేదు. మీ నిజమైన అభిప్రాయం కాదు అనే అయితే, కాదనే రాయండి, దానికీ కారణం రాయండి. నేను అడిగేది అబద్ధం కాదు.

సైన్యం నాటి రికార్డులో రిఫ్లక్స్ ప్రస్తావన లేదు కాబట్టి సంబంధం లేదు అనే వాదన కూడా తరచుగా కనబడుతుంది. గుండెల్లో మంటకు, సైన్యంలో డాక్టరుకు చూపించుకునే సిక్ కాల్‌కు వెళ్లే సైనికుడు ఉండడు, వెళితే తోటివాళ్లు నవ్వుతారు. మంట, పుల్లటి తేన్పులు, గొంతులోకి ఎగదన్నడం, ఇవన్నీ మామూలు మనిషి తాను అనుభవించి చెప్పగలిగినవే కాబట్టి అతని మాటకూ, అతని భార్య మాటకూ, తోటి సైనికుడి మాటకూ చట్టంలో రుజువుగా చోటుంది. అప్పటి కాగితం లేదన్న ఒక్క కారణంతో ఆ మాటలను నమ్మకపోవడం కుదరదని 2006లో అప్పీలు కోర్టు చెప్పింది.

జబ్బు పేరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. పొట్టలో ఏ మంట అయినా, ఏ ఉబ్బరం అయినా రిఫ్లక్స్ అని రాసి మాత్ర ఇచ్చి పంపడం తేలిక. కానీ కువైట్, ఇరాక్, సౌదీ వంటి చోట్ల పనిచేసిన వాళ్ల విషయంలో ఫంక్షనల్ డిస్పెప్సియా (పరీక్షల్లో లోపం కనబడని అజీర్ణం), ఐబీఎస్ (అలాంటిదే పేగుల ఇబ్బంది) వంటి జబ్బులకు, లింకు విడిగా రుజువు చేయనక్కరలేకుండా సేవ వల్లే వచ్చినట్టు భావించే నిబంధన ఉంది. రిఫ్లక్స్‌ను నిర్మాణ లోపానికి చెందిన జబ్బుగా లెక్కగట్టి ఆ జాబితాకు బయట ఉంచుతున్నారు. సేవలో విషపదార్థాల బారిన పడినవాళ్ల కోసం 2022 ఆగస్టులో వచ్చిన పాక్ట్ చట్టం కూడా జీర్ణవ్యవస్థ క్యాన్సర్లను చేర్చింది తప్ప రిఫ్లక్స్‌ను చేర్చలేదు. కాబట్టి మీ రోగికి నిజంగా ఉన్నది ఏది, లేక రెండూ ఉన్నాయా అన్నది తేల్చి రాయడం ముఖ్యం. లాభం కోసం పేరు మార్చమనడం లేదు, ఉన్న పేరు సరిగ్గా రాయమంటున్నాను. ఎక్కడ పనిచేశారు అని రోగిని అడిగే డాక్టర్లు తక్కువ, అది కూడా అడగండి.

డబ్బు సంగతి ఒక్క వాక్యంలో ముగిస్తాను. 2025 లెక్క ప్రకారం, కుటుంబ భారం లేని ఒంటరి మనిషికి ఇది ఒక్కటే వైకల్యమైతే 10 శాతానికి నెలకు 175.51 డాలర్లు, 30 శాతానికి 537.42 డాలర్లు ఇచ్చేవారు, సున్నా శాతానికి డబ్బేమీ రాదు గానీ జబ్బుకు సేవతో సంబంధం ఉందన్న ముద్ర పడుతుంది, రేపు అది ముదిరితే మళ్లీ మొదటి నుంచి లింకు వెతుక్కోనక్కరలేదు.

ఈ డబ్బు చుట్టూ తిరిగే వ్యాపారం ఒకటుంది. వీఏ గుర్తింపు లేని కొన్ని సంస్థలు మాజీ సైనికుల దగ్గర వేల డాలర్లు వసూలు చేసి, ముందే టైపు చేసిన లింకు లేఖల మీద డాక్టర్ల సంతకాలు పెట్టించి అమ్ముతున్నాయి. మొదటి క్లెయిము తయారు చేసిపెట్టినందుకు ఎవరూ రుసుము తీసుకోకూడదన్నది ఫెడరల్ చట్టం. మీలో కొందరికి అలాంటి సంస్థల నుంచి పిలుపులు వచ్చే ఉంటాయి. చూడని రోగి గురించి సంతకం చేయకండి. పేరు మాత్రమే మారుతూ ఒకే పేరా ఉన్న లేఖలు నాలుగు చూసిన అధికారికి, అయిదోసారి వచ్చిన నిజమైన లేఖ మీద కూడా నమ్మకం పోతుంది.

వీఏ ఆసుపత్రుల్లో జీతానికి పనిచేసే మీకు కొన్ని పరిమితులున్నాయని, లింకు గురించి అభిప్రాయం రాయడానికి మీ పైవాళ్లు ఇష్టపడకపోవచ్చని నాకు తెలుసు. అలాంటప్పుడు అభిప్రాయం రాయకండి, లక్షణాలు మాత్రం పూర్తిగా రాయండి. ఎన్ని రాత్రులు లేస్తున్నాడు, ఎక్కడ పడుకుంటున్నాడు, ఏం తినడం మానేశాడు, ముద్ద ఎక్కడ ఆగుతోంది, ఏ నొప్పిమందు ఎన్నేళ్లు వాడాడు అన్నంతవరకు రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, అది రోగి చరిత్ర మాత్రమే. అభిప్రాయం రాసే ఇంకొక డాక్టరుకు ఆ చరిత్రే ఆధారమవుతుంది.

పైన చెప్పిన మెకానిక్కు పెద్దాయనకు వచ్చే నెల రెండోవారంలో మళ్లీ అపాయింట్‌మెంటు ఉంది, ఆ ఏడు నోట్సులు రాసిన డాక్టరు గారి దగ్గరే. ఈసారి ఆ పెద్దాయన చేత ఒక కాగితం రాయించాను. పధ్నాలుగు రాత్రుల లెక్క, ఏ రాత్రి ఎన్నిసార్లు లేచాడో భార్య చేతిరాతలో ఉంది. వెనకవైపు తాను 1980ల నుంచి వాడిన నొప్పిమందుల పేర్లు గుర్తున్నంత మేరకు ఆయనే రాశాడు. నాలుగు మడతలు పెట్టి, ఆ యాంటాసిడ్ మాత్రలున్న జేబులోనే పెట్టుకున్నాడు. ఎలా ఉన్నారు అని అడిగితే బాగానే ఉన్నానంటాడు, కాగితం తనంతట తాను బయటికి తీయడు. ఈ ఉత్తరం ఆ డాక్టరు గారి కంటబడితే, దయచేసి ఆ కాగితం ఇమ్మని ఆ పెద్దాయనను అడగండి.

ఇట్లు,
మాజీ సైనికుల హాలులో శనివారం బల్ల దగ్గర కూర్చునే ఒక తెలుగు మాజీ సైనికుడు